బొలారంలో పుట్టిన వేటగాడు – కెన్నెత్ ఆండర్సన్

ఉగాది సంచికలలో సాధారణంగా మన కవులను, దేశభక్తులను, ఊరికి మేలు చేసిన పెద్దలను స్మరించుకొంటాము. అది మంచి ఆచారం. ఈ పర్యాయం మాత్రం ఒక వేటగాని జీవితాన్ని గూర్చి నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాను. ఆయన తెలుగువాడు కాడు. స్కాట్లండు నుండి వచ్చి ఈ దేశంలో స్థిరపడిన కుటుంబంవాడు. అయితే ఆయన కన్ను తెరచినది తెలుగు గడ్డ మీద. పేరు తెచ్చుకొన్న అడవులలో కొన్ని మన తెలుగువారి అడవులు. అన్నిటికీ మించి, తుపాకి ఎత్తవలసినది ఎప్పుడు, దించవలసినది ఎప్పుడు అనే విషయంలో ఆయన జీవితం నేర్పే పాఠం, పందుల బెడద పడుచున్న మన రాజపాళయం రైతుకు ఈనాటికీ పనికివచ్చేదిగా నాకు తోచినది.

వేట మన ఊరికి కొత్త కాదు. శతాబ్దాల క్రితం ఆంధ్రదేశం నుండి ఈ దక్షిణానికి వలస వచ్చిన రాజుల కుటుంబాలు తమతో తెచ్చుకొన్నవి రెండు: ఇంటిలో తెలుగు మాట, చేతిలో వేట అలవాటు. పడమటి కొండల పాదాన కాపురం. కొండ దిగితే అడవిపంది. పంది దిగితే పంట పోయినట్లే. అందుకే మన పెద్దలు ఆ తెల్లని వేటకుక్కను అంత శ్రద్ధగా పెంచినారు. పాలవంటి ఒడలు, గులాబిరంగు ముక్కు, పొడవాటి కాళ్లు గల రాజపాళయం కుక్క నేడు దేశమంతటా ప్రసిద్ధం. 2005 జనవరి 9న తపాలాశాఖవారు నాలుగు జాతుల కుక్కల బొమ్మలతో బిళ్లలు విడుదల చేసినప్పుడు అందులో మన కుక్క ఒకటి. ఈ కుక్కలు గుంపుగా పోయి పందిని చుట్టుముట్టి కదలనీయకుండ నిలువరించేవి; వెనుక మనుషులు బల్లెములతో వచ్చేవారు. పంది కోర తగిలి పొట్ట చీలిన కుక్కలూ ఉండేవి. ఆ వేటలో పందికీ, కుక్కకూ, మనిషికీ ముగ్గురికీ అపాయమే. తుపాకి వచ్చిన తరువాత మనిషి అపాయం తగ్గినది. తక్కిన ప్రాణుల అపాయం తగ్గలేదు.

అడవిపందిని కాల్చుట చూచినంత సులభం కాదు. ముదురు మగపంది భుజాల మీద తోలు కింద దళసరి కవచం వంటి పొర ఉంటుంది; మగపందులు ఒకదానితో ఒకటి కోరలతో పోరాడునప్పుడు దానిని కాపాడేది అదే. నల్లమందు, సీసపు ముక్కలు దట్టించి పేల్చే నాటు తుపాకి గుండు కొంత దూరం పోగానే బలం తగ్గి ఆ పొరలోనే చిక్కుకొంటుంది. పంది చావదు, గాయంతో పొదలో దూరుతుంది. రైఫిలు సంగతి వేరు. దాని గొట్టం లోపల మెలికగా చెక్కిన గాళ్ల వలన గుండు గిరగిర తిరుగుచు తిన్నగా దూరం పోతుంది. ముంగాలి వెనుక గుండెకు గురిచూచి కొట్టితే ఒక్క గుండుతో పని ముగుస్తుంది. గురి తప్పితే అదే గుండు మైలుకు పైగా పోగలదు. చీకటిలో, పొలాల నడుమ, అవతల ఎవరున్నదీ తెలియని చోట అది ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. ఈ తేడాను బాగా ఎరిగి, గుండు వదలుటకు ముందే దాని ఫలితం ఆలోచించిన మనిషి ఆండర్సన్.

కెన్నెత్ ఆండర్సన్ 1910 మార్చి 8వ తేదీన సికింద్రాబాదు పక్కనున్న బొలారంలో జన్మించినాడు. అప్పుడది నైజాం రాజ్యంలోని దండు ప్రాంతం. తండ్రి సైనికుల జీతభత్యాల లెక్కలు చూచే ఉద్యోగి. వేటలో ఆసక్తి కలవాడు. కొడుకుకు అడవి మీద మక్కువ పుట్టించినది ఆయనే. ఆండర్సన్ బెంగుళూరులో బిషప్ కాటన్ పాఠశాలలోను, సెయింట్ జోసెఫ్ కళాశాలలోను చదివినాడు. న్యాయశాస్త్రం చదువుమని ఎడింబరోకు పంపితే మనసు నిలువక మధ్యలోనే విడిచి తిరిగి వచ్చినాడు. ఆ చలిదేశంలో ఆయనకు లేనిది అడవి. మన దేశమే తన దేశమని ఆనాడే నిశ్చయించుకొన్నాడు. తరువాత తెల్లవారు అనేకులు పెట్టెలు సర్దుకొని ఓడలెక్కినా ఆయన మాత్రం కదలలేదు.

ఆయన రాజా కాడు, జమీందారు కాడు. తంతి తపాలా శాఖలో సుమారు 15 సంవత్సరాలు పనిచేసి, తరువాత బెంగుళూరు విమానాల కార్మాగారంలో చేరి, ప్రణాళికా విభాగపు మేనేజరు పదవి దాకా పోయినాడు. అనగా గంట కొట్టితే పనిలో ఉండవలసిన మనిషి. మనవంటి ఉద్యోగస్థులు ఇది గమనించదగిన సంగతి. ఎవరో ఊరివారు పులి మనిషిని ఎత్తుకుపోయినదని కబురంపితే సెలవు చూచుకొని, స్టూడ్‌బేకర్ కారులోనో రైలులోనో, అవి లేనిచోట ఎద్దుబండిమీదనో పోవలసినదే. సెలవు ముగిసేలోగా పులి దొరకకపోతే చేతులూపుకొంటూ తిరిగివచ్చి మరల పనిలో కూర్చుండవలసినదే. గుర్రాలూ, ఏనుగులూ, వందలమంది అదిలింపుగాళ్లూ గల దొరల వేట ఆయనకు లేదు. సాధారణంగా ఒంటరిగానే, లేదా ఒకరిద్దరు అడవిమనుషులతో పోయేవాడు.

చేతిలో ఉండేది అమెరికా దేశపు వించెస్టర్ కంపెనీవారి 1895 నమూనా .405 రైఫిలు. కింది మీటను లాగి వదిలితే ఒక తూటా పోయి మరొకటి వచ్చేది. 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్ ఆఫ్రికా వేటకు పోయినప్పుడు వెంట తీసుకుపోయినదీ ఈ రకమే. రాత్రివేళ ఆండర్సన్ దాని గొట్టానికి ఒక టార్చిలైటు బిగించుకొనేవాడు. వెలుగు పడిన చోట గుండు పడవలెను. ఏ జంతువో, ఏ భాగమో కంటికి స్పష్టంగా కనబడకుండ మీట నొక్కరాదు. ఇది ఆయన వేటకు మొదటి సూత్రం. రెండవ సూత్రం, గాయపడిన జంతువును అడవిలో విడిచి ఇంటికి పోరాదు. అది ఎంత ప్రమాదమైనా నెత్తుటి జాడ పట్టి పోయి దాని బాధ తీర్చి రావలెను.

అడవి చదువు ఆయనకు చెప్పినది పుస్తకాలు కావు. సేలం జిల్లాలో, నేటి ధర్మపురి ప్రాంతంలో, చిన్నార్ అనే ఏరు పారి హొగెనకల్ దగ్గర కావేరిలో కలుస్తుంది. ఆ ఏటి ఒడ్డున బైరా అనే పూజారి జాతి మనిషి ఉండేవాడు. చట్టం లెక్కలో దొంగవేటగాడు. తెల్లదొర చేతికి చిక్కితే జైలే గతి. ఆండర్సన్ అతనిని పట్టియివ్వలేదు, స్నేహం చేసినాడు. పక్షి అరచిన తీరును బట్టి పులి ఏ దిక్కున కదలుచున్నదో, ఇసుకలో అడుగు అంచు విరిగిన తీరును బట్టి జంతువు పోయి ఎంతసేపైనదో బైరా నేర్పినాడు. ఒక పుస్తకంలో ఒక పూర్తి అధ్యాయం ఆ గోచిపాత మనిషికే కేటాయించినాడు ఆండర్సన్. గురువును గురువని చెప్పుటకు ఆయన చిన్నతనపడలేదు.

ఇక మన కుక్కల ఊరివారు తప్పక తెలుసుకొనవలసిన కథ గుమ్మళాపురం చిరుతది. ఇది హోసూరుకు దక్షిణాన తళి, డెంకణికోట అడవుల ప్రాంతం. తెలుగువారూ, కన్నడిగులూ, తమిళులూ కలసియుండే సీమ. అక్కడ ఒక చిరుతపులి సుమారు 250 చదరపు మైళ్ల మేర 42 మందిని పొట్టన పెట్టుకొన్నది. పొద్దుగూకితే జనం తలుపులకు ముళ్లకంపలు అడ్డుపెట్టుకొని లోపల బిక్కుబిక్కుమని కూర్చునేవారు. అది పూరికప్పులు చీల్చుకొని లోపలికి రాగలది. ఆండర్సన్ అక్కడ రాత్రుళ్లు కాచినప్పుడు ఊరి కుక్క ఒకటి, ఎవరిదీ కానిది, ఆయన పెట్టిన బిస్కట్లు తిని వెంటబడినది. దానికి నిప్పర్ అని పేరు పెట్టినాడు. చిరుతకు కుక్క మాంసం మిక్కిలి ఇష్టం. అందుచేత కుక్కకు చిరుత వాసన, అలికిడి మనకంటె ముందుగా తెలుస్తుంది. ఆ రాత్రి గుడిసెలో మనిషికి ఏమీ వినబడకముందే నిప్పర్ చెవులు నిక్కించి గుర్రుమన్నది. ఆ కొద్ది క్షణాల ఎడమే ఆయన ప్రాణం కాపాడినది. చిరుత కూలినది. ఆయన ఆ వీధికుక్కను బెంగుళూరు తీసుకుపోయి ఇంటిలో పెంచుకొన్నాడు. జాతికుక్క కానక్కరలేదు, విశ్వాసం కుక్కజాతి అంతటిదీ. చచ్చిన చిరుతను పరీక్షించగా ముందరి పాదంలో ఏదుపంది ముళ్లు విరిగి దిగబడియున్నవి. కుంటికాలితో అడవి జంతువును పట్టలేక, సులభంగా దొరికే మనిషి మీద పడినదన్నమాట.

తెలుగు అడవులతో ఆయనకుగల సంబంధం చిన్నది కాదు. మొదటి పుస్తకంలోనే అప్పటి చిత్తూరు జిల్లాలోని చామల లోయలో తిరిగిన నరభక్షక వ్యాఘ్రం కథ ఉన్నది. తిరుమల కొండల వెనుక కల్యాణి నది పారే ఆ లోయను ఆయన ఎంతో ప్రేమతో వర్ణించినాడు. మరొక కథ మామండూరుది. రేణిగుంట నుండి కడప పోవు రైలుమార్గంలో మామండూరు స్టేషను వస్తుంది; ఇరువైపులా అడవే. ఇంకొకటి నల్లమలలోని దిగువమెట్టది. అదీ రైలు స్టేషనే, నంద్యాల గిద్దలూరుల నడుమ ఘాటు మార్గంలో ఉన్నది. చెంచుల సీమలోని పెద్దచెరువు పులిని గూర్చి కూడ వ్రాసినాడు. ఈ పేర్లను లండనులో ముద్రించి ప్రపంచమంతటికీ వినిపించినవాడు ఆయనే. అడవి స్టేషనులలో రాత్రి డ్యూటీ చేసే రైలు సిబ్బంది, పట్టాలు చూచుకొంటూ ఒంటరిగా నడిచే గ్యాంగుమనుషులు, కట్టెలకు పోయే ఆడవారు, పశువుల కాపరులు వంటి బీదసాదలే ఆ కథలలోని మనుషులు. పులి నోట పడేది సాధారణంగా వీరే. వీరి కొరకే ఆయన తుపాకి ఎత్తినాడు. 1939 నుండి 1966 వరకు ప్రభుత్వపు లెక్కల ప్రకారం ఆయన కాల్చిన నరభక్షకులు 8 చిరుతలు, 7 పెద్దపులులు.

ఇంతకూ పందుల సంగతి ఏమిటని పాఠకులు అడుగవచ్చును. అక్కడికే వచ్చుచున్నాను. ఒకనాడు ఆండర్సన్ మిత్రులతో మైసూరు సమీపాన చెరకు తోటల మీదుగా పోవుచున్నాడు. రైతులు తోటలో దూరిన అడవిపందులను కాల్చి తరుముచున్నారు. కొన్ని పడినవి, కొన్ని తప్పించుకొన్నవి. అంతా ముగిసినదనుకొన్న వేళ తోటలో నుండి ఒక ఎలుగుబంటి రొప్పుచు బయటకు వచ్చినది. అది ఎవరి మీదకూ రాలేదు. అయినా మిత్రులలో ఒకడు నిష్కారణంగా కాల్చినాడు. ఎలుగు అక్కడికక్కడే చచ్చినది. దగ్గరకు పోయి చూతురుగదా, తల్లి వీపు మీద ఒక చిన్ని పిల్ల పట్టుకొని ఏడ్చుచున్నది.

ఆండర్సన్ దానిని తరిమి పట్టి గోనెసంచిలో వేసుకొని ఇంటికి తెచ్చి భార్యకు ఇచ్చినాడు. ఆమె బ్రూనో అని పేరు పెట్టి సీసాపాలతో సాకినది. తరువాత ఆ పేరు బాబాగా మారినది. అది ఇల్లంతా తిరుగుచు ఎలుకల కొరకు పెట్టిన మందు తిని పక్షవాతం వచ్చి, సూదిమందుతో బ్రతికినది. ఇంకొకసారి చెదలకని ఉంచిన పాత ఇంజను నూనె గాలనుదాకా తాగి ఏమీ కాకుండ తిరిగినది. పెరిగి పెద్దదైన తరువాత ఇంటిలో ఉంచరాదని అందరూ చెప్పగా మైసూరు జంతుప్రదర్శనశాలకు పంపినారు. అక్కడ బాబా తిండి మానినది. ఇక్కడ ఇల్లాలు దిగులుతో కుమిలినది. మూడు నెలల తరువాత ఆమె పోగా దూరం నుండే గుర్తుపట్టినది. ఆమె కన్నీరు చూచి అధికారులు కరిగి దానిని తిరిగి ఇచ్చివేసినారు. ఇంటి ఆవరణలో చుట్టూ కందకం త్రవ్వి, నడుమ ఒక దీవి కట్టి దానిని అక్కడ ఉంచినారు. తొమ్మిదవ తరగతి ఇంగ్లీషు వాచకంలో ఈ కథ పాఠంగా ఉండెను. మన పిల్లలలో చదివినవారు ఉండవచ్చును.

ఆ ఎలుగుపిల్ల ముచ్చట్లు చదివి నవ్వుకొని ఊరుకొనుటకు లేదు. అక్కడ చెరకు కాపాడుకొన్న రైతుది తప్పు కాదు. పంది పంటకు శత్రువే. ఒక్క ఈతలో నాలుగు మొదలు ఆరు పిల్లలను పెట్టే జంతువు. ఒక్క రాత్రిలో గుంపుగా వచ్చి వరిమడి, వేరుశనగచేను కుళ్లగించిపోతుంది. అప్పు చేసి వేసిన పంట పోయినవాని కడుపుకోత పట్నంలో కూర్చున్నవారికి తెలియదు. తప్పు ఎక్కడ జరిగినదంటే, పందుల కొరకు ఎత్తిన తుపాకి పందులతో ఆగకపోవుటలో. చేతిలో గుండు ఉన్నది, ఎదుట ఏదో కదలినది, వ్రేలు నొక్కుకొన్నది. ఆండర్సన్ తన కథలలో మాటిమాటికి చూపినది ఇదే. నీటిగుంటల వద్ద, ఉప్పునేలల వద్ద, పొలం మంచెల మీద నాటు తుపాకులు పట్టి కూర్చున్నవారు చీకటిలో గురి లేకుండ కాల్చిన గుండ్లు పులులకు, చిరుతలకు తగిలి, అవి వేటాడలేక మనిషికి మరిగినవి అనేకం. ఒకని తొందరపాటు గుండుకు మరొక ఊరిలో మరెవరి బిడ్డో బలి.

అందుకే వయసు పెరిగినకొద్దీ ఆయన తుపాకి వాడుక తగ్గినది. ఆపద లేని జంతువును చంపరాదని నియమం పెట్టుకొన్నాడు. కెమెరాతో అడవికి పోయేవాడు. ఒక్కొక్కప్పుడు ఏ ఆయుధమూ లేకుండ ఒంటరిగా పోయి చెట్టు కింద కూర్చుండి రాత్రి గడిపేవాడు. 1954లో మొదటి పుస్తకం వెలువడినది. తరువాత ఒకదాని వెంట ఒకటిగా వచ్చి, మరణానంతరం 1976లో వెలువడిన దానితో అడవి పుస్తకాలు ఎనిమిదైనవి. దక్షిణదేశపు అడవులు నరకబడుచున్నవనీ, పులులు అంతరించుచున్నవనీ, ఇట్లే సాగితే మునుముందు తరాలవారికి వాని గొంతు కూడ వినబడదనీ ఆయన అందులో పదేపదే హెచ్చరించినాడు. దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినది 1972లో. పులుల సంరక్షణ పథకం 1973లో. ఆ రెండింటినీ కన్నులారా చూచి 1974 ఆగస్టు 30న బెంగుళూరులో క్యాన్సరు వ్యాధితో కన్నుమూసినాడు.

ఆయన తిరిగిన చామల, మామండూరు ప్రాంతాల అడవులు 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ వనంగా ఏర్పడినవి. మన గడప ముందరి కొండలు 2021లో శ్రీవిల్లిపుత్తూరు–మేఘమలై పులుల అభయారణ్యంగా ప్రకటింపబడినవి. పులి పేరు వింటే భయపడనక్కరలేదు. పులికి అడవిపంది ఇష్టమైన ఆహారం. పులులు, రేచుకుక్కలు ఉన్న అడవిలో పందులు అదుపు తప్పవు. పులిని పోగొట్టుకొని పందిని తిట్టుకొనుట మన అవివేకం.

ఇక పంటమాట. 1959 ఆయుధ చట్టంలో పంట కాపుదలకు మందు దట్టించే తుపాకికి లైసెన్సు ఇచ్చుటకు చోటు ఉన్నది. అయితే లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు. 1972 చట్టం కింద అనుమతి లేనిదే అది నేరం. 2025 జనవరిలో తమిళనాడు ప్రభుత్వం చేసిన ఏర్పాటు ఇట్లున్నది. రిజర్వు అడవికి 1 కిలోమీటరు లోపల పందిని కాల్చరాదు. 1 నుండి 3 కిలోమీటర్ల వరకు పట్టి అడవిలో వదలవలెను. 3 కిలోమీటర్లు దాటినచోట శిక్షణ పొందిన అటవీశాఖవారే కాల్చవలెను. కనుక పంట పోయిన రైతు ఊరకుండరాదు, వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి పనిచేయగలవారిని రప్పించుకొనవలెను. గట్టు మీద కరెంటు తీగ లాగుట, పిండిలో నాటుబాంబు చుట్టి పెట్టుట మాత్రం కూడని పనులు. తీగకు పంది కంటె ముందు పొరుగువాని కొడుకే తగులవచ్చును. బాంబు కొరికి దవడ పగిలిన జంతువు రోజుల తరబడి తిండిలేక తిరిగి చచ్చును. ఆవు కొరికినా అంతే, మనం ముద్దుగా పెంచిన తెల్లకుక్క కొరికినా అంతే.

కెన్నెత్ ఆండర్సన్ ఎందరినో పులి నోటి నుండి కాపాడినాడు. ఆయన గురి గొప్పదే. ఆ గురి కంటె గొప్పది, కాల్చగలిగి కూడ కాల్చక ఊరకుండిన ఆయన నిగ్రహం. తరతరాలుగా ఈ కొండపాదాన కాపురమున్నవారికీ, నిన్నమొన్న మిల్లులకు, ఉద్యోగాలకు వచ్చి చేరినవారికీ, అందరికీ ఈ కొత్త సంవత్సరంలో పైరు పచ్చగా ఉండవలెనని, అడవి కూడ పచ్చగా ఉండవలెనని కోరుచు సెలవు తీసుకొనుచున్నాను.